చూస్తే అరుగుతదా

నా చిన్నప్పుడు నాకు పట్నం అంటే పడేది కాదు. భయమా అని ఎవరైనా అడిగితే గొడవ పెట్టుకునేదాన్ని. భయం కాదు, పడదు, అంతే. మా ఊరు శంషాబాద్ పక్కనే, ఇప్పుడు విమానాలు దిగే చోటికి కూతవేటు దూరం. అప్పట్లో అక్కడ జొన్నచేలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య మేకలు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేవు. పట్నం పోయే బస్సు వస్తే నా ఈడు పిల్లలంతా దాని వెనక ఉరికేవాళ్ళు. నేను మాత్రం ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. దానికి కారణం ఒక జత చెప్పులు.

మా బాపుకు వరసకు అన్న అయ్యే పెదనాన్న ఒకాయన పట్నంలో మేడ కట్టుకుని స్థిరపడ్డాడు. నాకు పదేళ్ళప్పుడు ఎండాకాలం సెలవుల్లో నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఒక రోజు పెద్దమ్మ తన ఇద్దరు పిల్లల్నీ, నన్నూ వెంటేసుకుని ఆబిడ్స్‌లో మూడంతస్తుల బట్టల దుకాణానికి పోయింది. అద్దాల తలుపు, లోపల మొహం కనబడేంత మెరిసే నేల. మా ఊళ్ళో ఎవరింటికి పోయినా, గుడికి పోయినా, చివరికి బడికి పోయినా చెప్పులు గడప బయటే. అంత శుభ్రంగా తుడిచిన నేల మీదికి జనం చెప్పులతో పోతారని నాకెలా తెలుస్తుంది? విడిచి, రెండూ పక్కపక్కన ఒద్దికగా పెట్టి, లోపలికి అడుగు వేశాను.

పెదనాన్న పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. తలుపు దగ్గరి కాపలా మనిషి నవ్వాడు. పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళొచ్చేదాకా బయటే ఉండమని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి లోపలికి పోయింది. మెట్ల మీద అయితే వచ్చేపోయేవాళ్ళకు అడ్డమని కాపలా మనిషి నన్ను ఎండలోకి జరిపాడు. చాలాసేపటికి వాళ్ళు పొట్లాలు పట్టుకుని బయటికొచ్చారు. పెద్దమ్మ నా వైపు చూడకుండానే, నాకు వినబడేటట్టే అంది.

"పైసల్లేనోళ్ళకు పట్నం చూసుడు గూడ దండుగనే."

ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని చెప్పలేదు.

నెల తిరిగేసరికి మా బడి సారు మంచి కబురంటూ ఒకటి మోసుకొచ్చాడు. పట్నంలో ఆడపిల్లల సర్కారు హాస్టల్లో నాకు సీటు దొరికింది. మా ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే నాకు అదొక్కటే దారి. సోమవారానికల్లా చేరకపోతే సీటు ఇంకో పిల్లకు పోతుంది. నేను పోనంటే పోనని అన్నం మానేసి మూల కూర్చున్నాను. మా అమ్మ బతిమాలింది, సారు బుజ్జగించాడు. మా బాపు మెత్తని మనిషి. పిల్లకు ఇష్టం లేనిది ఎందుకు, మేకలు కాసుకుంటుందిలే అని సీటు వద్దని చెప్పడానికి తయారయ్యాడు. మా మేనత్త అడ్డం పడకపోతే నా చదువు ఆ వారంతో చెల్లు.

మా మేనత్త మా బాపుకు అక్క. మామ పోయాక మా ఇంట్లోనే ఉండేది. సీతాఫలాల కాలం వచ్చిందంటే పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని మొదటి బస్సుకు పట్నం పోయి, అమ్ముకుని, ఖాళీ గంపతో తిరిగొచ్చేది. నోరు పెద్దది. ఆమె ఎదురొస్తే ఊరి పటేలు కూడా పక్కకు తప్పుకునేవాడు. పట్నం సంగతులు ఆమె చెబుతుంటే వాడకట్టు ఆడవాళ్ళంతా పనులు మానుకుని వినేవాళ్ళు. ఆమెకు తెలియని గల్లీ అక్కడ లేదని మేమందరం నమ్మేవాళ్ళం.

ఆ శుక్రవారం ఆమె నన్ను దొడ్లో కూర్చోబెట్టి తల దువ్వుతూ, చిక్కు తీసినట్టే నా నోటి నుంచి చెప్పుల సంగతంతా లాగింది. విన్నాక అయ్యో పాపం అనలేదు, పెద్దమ్మను తిట్టలేదు. దువ్వెన పక్కన పెట్టి నన్ను తన వైపు తిప్పుకుంది.

"రేపు నాతోని పట్నం రా. ఒక్క దినమే. పొద్దుగూకేదాక తిరుగుదాం. అప్పటికి గూడ నీకు పోబుద్ధి గాకపోతే, సీటు వద్దని మీ బాపుకు నేనే చెప్త. మల్ల నిన్నెవ్వలు అడగరు."

అంత మంచి బేరం ఎవరు కాదంటారు? ఒక్క రోజు ఓర్చుకుంటే జీవితమంతా మేకల వెంట హాయిగా ఉండొచ్చని ఒప్పుకున్నాను.

శనివారం తెల్లవారగానే బయలుదేరాం. ఆమె కొంగున ఉన్న పైసలు బస్సు టికెట్లకు సరిపోయేటివే, అంతకు మించి లేవు. ఒక డబ్బాలో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు, రెండు ఉల్లిగడ్డలు, రెండు మామిడిపండ్లు. అదే మా సద్ది. ఆమె నెత్తి మీద గంప లేకపోవడం నాకు వింతగా అనిపించింది. బస్సులో ఆమె కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మాటిమాటికీ కొంగు సర్దుకుంటూ కూర్చుంది. కాటేదాన్ ఫ్యాక్టరీల పొగ కనబడగానే నేను కిటికీ నుంచి మొహం తిప్పుకున్నాను.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగాం. నేను ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుని, నా కాలి వేళ్ళనే చూసుకుంటూ నడుస్తున్నాను. పది అడుగులు వేశామో లేదో ఆమె ఆగింది. గంప కింద నెత్తి మీద పెట్టుకునే చుట్టబట్ట ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది. దాన్ని తీసి గుండ్రంగా చుట్టి నా తల మీద పెట్టింది. దాని మీద సద్ది డబ్బా పెట్టింది. నేను గబుక్కున డబ్బాను పట్టుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"చెయ్యి తియ్యి పోరీ! గంప మోసేటోళ్ళు తల దించరు. దించితే పండ్లన్ని రోడ్డు పాలైతయ్. ముందట జూసి నడువు, జనమే జరుగుతరు."

మా సద్ది కింద పడితే ఆ రోజంతా పస్తు. అందుకే మెడ నిలబెట్టి నడిచాను. పది అడుగులు, ఇరవై అడుగులు. డబ్బా పడలేదు. తల దించడానికి వీల్లేదు కాబట్టి ఎదురుగా ఏముంటే అది చూడక తప్పలేదు. పాత మేడల మీద చెక్క బాల్కనీలు, వాటి నిండా పావురాలు, వరసగా పుస్తకాల దుకాణాలు, గులాబీ రంగు షర్బత్ సీసాలు. అంతకు నెల కిందే ఇదే పట్నంలో నాలుగు రోజులున్నాను. ఇవేవీ నాకు కనబడలేదు. అప్పుడు నా చూపంతా నా చెప్పుల మీదే ఉంది మరి.

జనం నిజంగానే జరిగారు. సైకిలాయన ఒకడు గంట కొట్టకుండానే పక్కనుంచి పోయాడు.

తర్వాత రెండంతస్తుల బస్సు ఎక్కించింది. పై అంతస్తులో అందరికన్నా ముందు సీటు. ముందు ఇంత పెద్ద అద్దం, కింద పట్నమంతా మా కాళ్ళ దగ్గర. మా మేనత్త కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని కిందికి చూపించింది.

"కార్లున్నోళ్ళంత కిందికెల్లి పోతున్నరు సూడు. మనం మేడ మీద కూసున్నం."

నాకు నవ్వొచ్చింది. పెదనాన్న ఇంటి నుంచి వచ్చాక అదే మొదటిసారి నవ్వడం అనుకుంటాను. టాంక్‌బండ్ మీద దిగి, నీళ్ళకు ఎదురుగా బెంచీ మీద సద్ది విప్పాం. బెంచీకి అటు కొసన ప్యాంటూ చొక్కా వేసుకున్న ఆఫీసు సారు ఒకాయన కాగితం పొట్లంలోంచి బిస్కెట్లు తింటున్నాడు. మా తొక్కు వాసనకు ఆయన ముక్కు ఇటు తిరిగింది. మా మేనత్త అడగకుండానే సగం రొట్టె తుంచి, దాని మీద తొక్కు పెట్టి ఇచ్చింది. ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు కారుతుంటే ముక్కు తుడుచుకుంటూ మిగతాది కూడా తిన్నాడు. పోతూ పోతూ దండం పెట్టి పోయాడు. పట్నంలో ఒకరికి పెట్టే చెయ్యి మాది కావడం నాకు కొత్తగా తోచింది. అప్పటిదాకా పెదనాన్న ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దా వాళ్ళు పెట్టిందే కదా.

ఖాళీ డబ్బా మళ్ళీ నా నెత్తికెక్కింది. అక్కడి నుంచి నడక. మా మేనత్త దారిలో కనబడ్డవాళ్ళనల్లా ఆపి ఏదో ఒకటి మాట్లాడుతూ వస్తోంది. పూలమ్మే ఆమెతో, రిక్షా అతనితో, పోలీసాయనతో కూడా. పలకరింపుల పిచ్చి అనుకున్నాను. అలా నడిచి నడిచి ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా అదే దుకాణం. అవే అద్దాల తలుపులు, అవే మెట్లు, అదే కాపలా మనిషి.

పోదాం పద అత్తా అని కొంగు లాగాను. ఆమె నా మాట విననట్టే మెట్లెక్కింది. తలుపు ముందు ఆగింది. కుడి చెప్పు విడిచింది, ఎడమ చెప్పు విడిచింది. నన్ను కూడా విడవమని సైగ చేసింది. నాలుగు చెప్పులూ కాపలా మనిషి స్టూలు పక్కన, ఊళ్ళో మా గడప ముందు పెట్టినట్టే వరసగా పెట్టింది.

"తమ్మీ, జర వీటి మీద కన్నేసి ఉంచు. లోపల మంచిగ తుడిచి పెట్టిన్రు, చెప్పులతోని తొక్కబుద్ధి గాదు."

అతను మమ్మల్ని పైకీ కిందికీ చూశాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏం కొంటరమ్మా?"

"కొననీకె రాలే. చూడనీకె వచ్చినం."

"కొనకుంటె లోపటికి ఎందుకు మరి?"

"గిట్లంటవేంది తమ్మీ? చూస్తే అరుగుతదా?"

లోపలికి పోతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నాకు చచ్చిపోవాలనిపించింది. నెత్తి మీద డబ్బా ఒకటుంది కాబట్టి తల దించే దారి కూడా లేదు. అతను ఏమనుకున్నాడో ఏమో, ఒక క్షణం మా చెప్పుల వైపు చూసి, తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆ దుకాణం మూడంతస్తులూ తిరిగాం. ఒక్క మూల వదల్లేదు. చల్లటి నేల అరికాళ్ళకు ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. బూట్లు వేసుకున్నవాళ్ళకు ఆ సుఖం ఏం తెలుస్తుంది? పై అంతస్తులో తెల్లటి పరుపు మీద చీరలు పరిచి చూపించే అబ్బాయి ముందు మా మేనత్త కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ పొద్దు గిరాకీ లేదు, అతను దస్తీతో విసురుకుంటున్నాడు. దుకాణంలోకెల్లా ఖరీదైన చీర చూపించమంది. కొనేవాళ్ళం కాదు, తీరిక ఉంటేనే చూపించు అని కూడా ముందే చెప్పింది. అతను నవ్వి, ఒక ఎర్రంచు పట్టుచీర తీసి పరిచాడు. ఆమె దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కొంగు నుంచి అంచు దాకా నిదానంగా కళ్ళతో తడిమింది. నేసినోళ్ళ చేతులు సల్లగుండ అంది. తీసుకుంటావా అమ్మా అని అతను వేళాకోళమాడితే, "తీసుకున్న బిడ్డా, కండ్లకు తీసుకున్న. ఇగ మడత పెట్టు" అని లేచింది. ఆ అబ్బాయి చీర మడతపెడుతూ మేము మెట్లు దిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

బయటికొస్తే మా చెప్పులు పెట్టినచోట లేవు. కాపలా మనిషి స్టూలు కింది నుంచి తీసి మా ముందు పెట్టాడు. ఎండ పడుతోందని లోపలికి జరిపాడట. తనది షాద్‌నగర్ అవతల పల్లె అని, వాళ్ళమ్మ కూడా ఎక్కడికి పోయినా చెప్పులు బయటే విడుస్తుందని చెప్పాడు. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు. నెల కింద నన్ను చూసి నవ్విన మనిషి అతనే. నాకు కోపం పోలేదు కానీ, కొంచెం తగ్గింది.

పొద్దు వాలుతోంది. ఊరి బస్సు అందుకోవాలి. మా మేనత్త ఒక గల్లీలోకి తిరిగింది, అది ఇంకో గల్లీలోకి తీసింది, అరగంట నడిచాక మేము బయలుదేరిన చోటికే వచ్చాం. ఆమె మొహం పాలిపోయింది. అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రతి బస్సు బోర్డు వైపూ తల ఎత్తి చూస్తుంది, మళ్ళీ దించుకుంటుంది. అప్పుడు నాకు అర్థమైంది. ఆమెకు ఆ బోర్డులు చదవరావు.

నేను చదివాను. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని అఫ్జల్‌గంజ్ అన్న బోర్డు పోల్చుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. దిగాక ఊరి బస్సు కూడా నేనే వెతికాను. అది కదలడానికి ఇంకా సమయముంది. బస్టాండు గోడ పక్కన ఇద్దరం కూలబడ్డాం.

"నీకు అన్ని గల్లీలు ఎరుకనే అంటివి గదత్తా?"

ఆమె ఆ గోడను అరచేత్తో తట్టింది.

"నాకు ఎరుకైన పట్నం గీ గోడనే బిడ్డా. పదేండ్ల సంది గంప ఈడ దించుత, అమ్ముకుంట, బస్సెక్కుత. గీ రోడ్డు దాటి ఎన్నడు పోలే. ఇయ్యాలనే మొదలు."

వాడకట్టులో ఆమె చెప్పిన సంగతులన్నీ గోడ దగ్గర పండ్లు కొనేవాళ్ళ నోట విన్నవే. రెండంతస్తుల బస్సు ఆమె కూడా ఆ రోజే ఎక్కింది. దారిలో పలకరింపులన్నీ ఆ దుకాణం ఎక్కడుందో వాకబు చేయడానికే. మరి ఆ కాపలా మనిషి ముందు అంత గట్టిగా ఎట్లా మాట్లాడావు, భయం కాలేదా అని అడిగాను.

"కాలే? కాళ్ళు గజగజ వణికినయ్. చీర కిందుండె గనక ఎవ్వలకు కనవడలే."

అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా తల మీది చుట్టబట్ట తీసి దులిపి, ఇగ చెప్పు, మీ బాపుకు ఏం చెప్పాలె అని అడిగింది. పొద్దు గూకలేదింకా. నేను పోతానన్నాను, సోమవారమే పోతానన్నాను. ఆమె ఆ చుట్టబట్ట మడిచి నా చేతిలో పెట్టింది.

హాస్టల్లో చేరాక సీతాఫలాల కాలంలో ప్రతి ఆదివారం ఆమె గంప ఖాళీ కాగానే గోడ దగ్గరికి పోయి ఆమెను తీసుకొచ్చేదాన్ని. నేను బోర్డులు చదివేదాన్ని, ఆమె మనుషులను చదివేది. పైసా ఖర్చు లేకుండా మేము తిరగని చోటు లేదు. తోటలు, మసీదుల ముందరి పావురాలు, పెద్ద దవాఖాన మేడ, పెళ్ళి ఊరేగింపులు. ఆ దవాఖానలోనే తర్వాత నేను నర్సునయ్యాను. అది కళ్ళారా చూశాకే ఆమె పోయింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇప్పుడు వీపున సంచి తగిలించుకుని ఊళ్ళు తిరుగుతున్నాను. ఢిల్లీ, కలకత్తా అయ్యాయి. మొన్న ముంబై పోయాను. ఈ వయసులో ఆ ఖరీదు ఊళ్ళో మనలాంటోళ్ళకు ఏముంటుందని అందరూ అడ్డుపడ్డారు. చవక టికెట్టు దొరికే రోజు చూసుకుని, మా జొన్నచేలు ఉన్నచోటి నుంచే విమానమెక్కాను. తనిఖీ దగ్గర కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులంతా బూట్లు విప్పి తట్టల్లో పెట్టి, మేజోళ్ళతో బెదురుగా నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు. అక్కడి కుర్చీలో కూర్చుని రొట్టె, తొక్కు తిన్నాను. పక్కనామె కాఫీ కప్పు పట్టుకుని నా డబ్బా వైపే చూస్తుంటే ఆమెకూ ఒక ముక్క పెట్టాను.

ముంబైలో ఆడవాళ్ళ డార్మిటరీలో పై మంచం. పగలంతా లోకల్ రైళ్ళు, సముద్రం, నడక. మూడో రోజు సాయంత్రం సముద్రం ఎదురుగా రాజభవనం లాంటి హోటలు కనబడింది. లోపల పెద్ద దీపం వేలాడుతోంది. దాన్ని దగ్గరగా చూడాలనిపించింది. సంచిలో మా మేనత్త చుట్టబట్ట ఉంది, ఎప్పుడూ ఉంటుంది. తలుపు దగ్గర తలపాగా చుట్టుకున్న మనిషి వంగి, తమకేం కావాలని హిందీలో అడిగాడు. ఏమీ వద్దు, చూడటానికి వచ్చానని మెడ నిలబెట్టి చెప్పాను. అతను తలుపు తీశాడు.

కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. చీర కిందున్నాయి కదా, లోపలికి నడిచాను.